పాలు పడని తల్లి, కోలుకోని రైతు: పీయూష గ్రంథి బలహీనత గురించి తెలుసుకుందాం



షుగరు గురించి చెప్పమంటే మన ఊళ్లల్లో ఇంటికొకరు చెప్పగలరు. బీపీ తెలుసు, థైరాయిడ్ తెలుసు. కానీ ఆ థైరాయిడ్‌ను కూడా నడిపించే మరో చిన్న గ్రంథి మన తలలో ఉందని, అది దెబ్బతింటే మనిషి ఏళ్ల తరబడి నెమ్మదిగా నీరసించిపోతాడని తెలిసినవారు తక్కువ. దాని పేరు పీయూష గ్రంథి. డాక్టర్లు పిట్యూటరీ గ్రంథి అంటారు. అది తగినంతగా పనిచేయకపోవడాన్ని వైద్య భాషలో హైపోపిట్యూటరిజం అంటారు. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ఇది అరుదైన జబ్బే. అయినా మన గోదావరి జిల్లాలవాళ్లం దీని గురించి తెలుసుకోవడానికి రెండు ప్రత్యేక కారణాలున్నాయి. ఒకటి కాన్పు సమయంలో జరిగే అధిక రక్తస్రావం. రెండోది వరి చేలల్లో పొంచి ఉండే రక్తపింజర పాము. ఈ రెండింటి నుంచీ ప్రాణాలతో బయటపడిన తర్వాత ఈ జబ్బు మొదలవుతుంది. "గండం గడిచింది" అని మనం ఊపిరి పీల్చుకున్నాక వస్తుంది కాబట్టే దీన్ని ఎవరూ అనుమానించరు.

ధవళేశ్వరం హెడ్ లాకుల వంటి గ్రంథి

పీయూష గ్రంథి బఠాణీ గింజంత ఉంటుంది. బరువు సుమారు అర గ్రాము. మెదడు అడుగున, రెండు కళ్ల మధ్య నుంచి వెనక్కి వెళితే, పుర్రె ఎముకలో చిన్న గుంటలో కూర్చుని ఉంటుంది.

దాని పని మీకు సులువుగా అర్థం కావాలంటే ధవళేశ్వరాన్ని తలచుకోండి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన తర్వాత మన డెల్టా రూపమే మారిపోయింది. అక్కడ తలుపులు ఎత్తితే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలకు నీళ్లు వెళతాయి. తలుపులు దింపేస్తే కాలువలు బాగానే ఉన్నా, బోదెలు బాగానే ఉన్నా, శివారు చేను ఎండిపోతుంది. పీయూష గ్రంథి కూడా అటువంటి హెడ్ లాకులే. ఇక్కడి నుంచి వదిలే హార్మోన్లే కింది గ్రంథులను పనిచేయిస్తాయి.

ఒక హార్మోన్ మెడలోని థైరాయిడ్‌ను నడిపిస్తుంది. ఒంట్లో వేడి, చురుకుదనం దాని వల్లనే. మరొకటి మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులను నడిపిస్తుంది. అవి కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తాయి. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా, ఆపరేషన్ జరిగినా తట్టుకునే శక్తి కార్టిసాల్ వల్ల వస్తుంది. ఇది బొత్తిగా లేకపోతే ప్రాణం నిలవదు. ఇంకో రెండు హార్మోన్లు ఆడవారిలో నెలసరిని, మగవారిలో మగతనాన్ని, ఇద్దరిలోనూ సంతానశక్తిని కాపాడతాయి. ఒకటి పిల్లల ఎదుగుదలకు, పెద్దల కండపుష్టికి అవసరం. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ తల్లికి పాలు పడేలా చేస్తుంది. ఇవన్నీ గ్రంథి ముందు భాగం నుంచి వస్తాయి. వెనుక భాగం నుంచి వచ్చే హార్మోన్లలో ఒకటి మూత్రంలో నీరు ఎక్కువగా పోకుండా ఆపుతుంది. మరొకటి కాన్పులో నొప్పులకు, బిడ్డ చీకినప్పుడు పాలు దిగడానికి తోడ్పడుతుంది.

ఒక తల్లి కథ

ఇప్పుడు నేను చెప్పబోయేది ఏ ఒక్కరి కథా కాదు. ఈ జబ్బు సాధారణంగా నడిచే తీరును ఒక మనిషి మీద పెట్టి చెబుతున్నాను.

లంక గ్రామంలో ఒక తల్లికి రెండో కాన్పు. ఇంట్లోనే ప్రసవించింది. మాయ త్వరగా పడలేదు. రక్తం ఆగలేదు. పడవలో ఏరు దాటించి ఆసుపత్రికి చేర్చేసరికి స్పృహ లేదు. రక్తం ఎక్కించారు, బతికింది. బిడ్డా దక్కాడు. అందరూ సంతోషించారు.

కానీ ఆమెకు పాలు పడలేదు. అత్తగారు వెల్లుల్లి పెట్టింది, సొరపిట్టు వండి పెట్టింది. ఒక్క చుక్క రాలేదు. డబ్బా పాలతో బిడ్డ పెరిగాడు. ఏడాది గడిచినా నెలసరి రాలేదు. "కొంతమందికి తొందరగా ఆగిపోతుందిలే" అనుకున్నారు. తర్వాత చంకల్లో వెంట్రుకలు రాలిపోయాయి. ఆ సంగతి ఎవరితో చెప్పుకుంటుంది? నాట్లకు వెళితే గంటకే గట్టెక్కి కూర్చునేది. "ఒళ్లు వంగదు" అని మాట పడింది. వైశాఖ మాసంలో కూడా దుప్పటి కప్పుకునేది. ముఖం పాలిపోయింది. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు, నీరసమని బలం ఇంజక్షన్లు, సెలైన్ సీసాలు. సెలైన్ పెట్టిన రోజు కాస్త తేలిగ్గా ఉండేది, వారానికి మళ్లీ మామూలే.

అలా పన్నెండేళ్లు గడిచాయి. ఒక వర్షాకాలం జ్వరం, వాంతులు. రెండు రోజుల్లో మాటలు తడబడి, స్పృహ తప్పింది. ఆసుపత్రిలో చూస్తే రక్తంలో సోడియం బాగా పడిపోయింది. షుగరు కూడా పడిపోయింది. బీపీ అందడం లేదు. అప్పుడు ఒక డాక్టరు ఆమె భర్తను ఒక ప్రశ్న అడిగారు. "చివరి కాన్పులో ఏం జరిగిందయ్యా? బిడ్డకు పాలు పడ్డాయా?"

ఆ ఒక్క ప్రశ్నతోనే పన్నెండేళ్ల జబ్బు బయటపడింది. ఆ ప్రశ్నను మొదటి ఏడాదిలోనే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది కదా! అందుకే ఈ ప్రసంగం.

కారణాలు

1. కాన్పులో అధిక రక్తస్రావం. గర్భం ధరించినప్పుడు పీయూష గ్రంథి పరిమాణం పెరుగుతుంది. బిడ్డకు పాలు సిద్ధం చేయడానికి అది చేసుకునే ఏర్పాటు. కానీ దానికి వెళ్లే రక్తం ఆ మేరకు పెరగదు. పైగా గ్రంథి ముందు భాగానికి వెళ్లే రక్తనాళాల్లో ఒత్తిడి తక్కువ. కాన్పులో రక్తం ఎక్కువగా పోయి బీపీ పడిపోతే, నీటి మట్టం తగ్గినప్పుడు శివారు బోదెకు నీళ్లు ఎక్కనట్టే, ఆ గ్రంథికి రక్తం అందదు. అందులోని కణాలు చనిపోతాయి. దీన్ని 1937లో షీహన్ అనే బ్రిటిష్ వైద్యుడు వివరించారు. అందుకే దీనికి షీహన్ సిండ్రోమ్ అని పేరు. మామూలు కాన్పులో అర లీటరుకు మించి రక్తం పోతే దాన్ని అధిక రక్తస్రావంగా చాలాకాలంగా లెక్కిస్తున్నారు. రక్తం పోయిన ప్రతి తల్లికీ ఈ జబ్బు రాదు. బీపీ పడిపోయి షాక్‌లోకి వెళ్లినవారికి ప్రమాదం ఎక్కువ. ఆసుపత్రి కాన్పులు పెరిగిన దేశాల్లో ఇది చాలా తగ్గిపోయింది. మన దేశంలో కాశ్మీర్‌లో జరిపి 2005లో ప్రచురించిన ఒక పరిశీలనలో, పిల్లలు కన్న స్త్రీలలో సుమారు 3 శాతం మందికి ఈ సమస్య ఉండవచ్చని అంచనా వేశారు. వారిలో ఎక్కువమంది ఇంట్లో ప్రసవించినవారే.

2. రక్తపింజర కాటు. 1796లో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు మన కోస్తా పాముల మీద ఒక గ్రంథం ప్రచురించారు. ఆయన విశాఖపట్నంలో నివసించి, ఇక్కడి పాములను సేకరించి, స్థానికులు పిలిచే పేర్లతో సహా రాశారు. ఈ పాముకు ఆయన రాసుకున్న పేరు "కాటుక రేకుల పొడ" అనే మన తెలుగు పేరే. ఆ తర్వాత ఇంగ్లీషులో దానికి ఆయన పేరే స్థిరపడింది. వీపు మీద గొలుసులా గుండ్రటి మచ్చలు, బలిసిన ఒళ్లు, కుక్కర్ ఈలలా గట్టి బుస దాని గుర్తులు. వరి కోతల్లో, కుప్పల దగ్గర, గడ్డివాముల్లో, చేలగట్ల మీద ఇది కరుస్తుంది.

దీని విషం రక్తం గడ్డకట్టే శక్తిని పాడుచేస్తుంది. చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం పడుతుంది. మూత్రపిండాలు దెబ్బతిని డయాలసిస్ అవసరం కావచ్చు. కొందరిలో పీయూష గ్రంథిలోనే రక్తస్రావం జరుగుతుంది, లేదా రక్తం అందక గ్రంథి దెబ్బతింటుంది. షీహన్ సిండ్రోమ్‌లో జరిగినట్టే మగవారిలో కూడా జరుగుతుందన్నమాట. బర్మాలో ఈ విషయాన్ని గమనించిన వైద్యులు 1987లో లాన్సెట్ పత్రికలో రాశారు. దక్షిణ భారతంలోనూ ఇటువంటి రోగులను వైద్యులు చూశారు. పాము కాటు నుంచి బయటపడిన రైతు నెలలు గడిచినా కోలుకోక, గడ్డం పెరగడం తగ్గి, దాంపత్యం మీద ఆసక్తి పోయి, ఎప్పుడూ నీరసంగా ఉంటే, "విషం ఇంకా ఒంట్లో ఉంది" అని ఆకు పసరులు మింగించకండి. పీయూష గ్రంథి పరీక్షలు చేయించండి.

3. గ్రంథిలో కణితి. ఇవి సాధారణంగా క్యాన్సర్ కావు. అయినా పెరిగి గ్రంథిని నొక్కేస్తాయి. పక్కనే కంటి నరాలు ఉంటాయి కాబట్టి పక్క చూపు తగ్గుతుంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్క నుంచి వచ్చే సైకిల్ కనిపించదు. ఆ కణితికి చేసిన ఆపరేషన్ తర్వాత, తలకు ఇచ్చిన రేడియేషన్ తర్వాత కూడా గ్రంథి బలహీనపడవచ్చు. రేడియేషన్ ప్రభావం కొన్నేళ్ల తర్వాత బయటపడవచ్చు.

4. తలకు గాయం. మోటారు సైకిల్ మీద నుంచి పడి స్పృహ తప్పినవారిలో కొందరికి ఈ సమస్య వస్తుంది. హెల్మెట్ పెట్టుకోవడానికి ఇది ఇంకొక కారణం.

5. ఇతర కారణాలు. మెదడు పొరలకు వచ్చే క్షయ, తలసేమియాలో పదే పదే రక్తం ఎక్కించడం వల్ల పేరుకునే ఇనుము, శరీర రక్షణ వ్యవస్థే గ్రంథి మీద దాడి చేయడం, క్యాన్సర్‌కు ఇచ్చే కొన్ని కొత్త ఇమ్యునోథెరపీ మందులు, పుట్టుకతో వచ్చే లోపాలు.

ఇక్కడే ఒక హెచ్చరిక. కీళ్ల నొప్పులకో, ఆయాసానికో స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి వాడేవారిలో, పీయూష గ్రంథి అడ్రినల్ గ్రంథులకు ఇచ్చే ఆజ్ఞ నిద్రపోతుంది. అటువంటివారు ఒక్కసారిగా మాత్రలు మానేస్తే ప్రాణాపాయం. పేరు తెలియని పొట్లాల మందులు, "ఒక్క డోసుతో నొప్పి మాయం" అనే పొడులు వాడకండి. వాడి ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి.

లక్షణాలు

ఈ జబ్బు సాధారణంగా నెమ్మదిగా వస్తుంది. గ్రంథిలో చాలా భాగం దెబ్బతినేవరకు లక్షణాలు స్పష్టంగా కనిపించకపోవచ్చు. ఏ హార్మోన్ తగ్గిందన్న దాన్ని బట్టి లక్షణాలు ఉంటాయి.

కార్టిసాల్ తగ్గితే తీవ్రమైన నీరసం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, వికారం ఉంటాయి. చిన్న జ్వరానికే మనిషి కుప్పకూలిపోతాడు. థైరాయిడ్ తగ్గితే చలి ఎక్కువ, మలబద్ధకం, చర్మం పొడిబారడం, మందకొడితనం, మతిమరుపు. సంతాన హార్మోన్లు తగ్గితే ఆడవారిలో నెలసరి ఆగిపోతుంది, మగవారిలో కోరిక తగ్గుతుంది, గడ్డం పల్చబడుతుంది. పిల్లల్లో ఎదుగుదల హార్మోన్ తగ్గితే తోటివారికన్నా పొట్టిగా ఉండిపోతారు. వెనుక భాగం దెబ్బతింటే విపరీతమైన దాహం, రాత్రంతా మూత్రానికి లేవడం. షుగరు పరీక్ష చేస్తే మాత్రం మామూలుగానే ఉంటుంది.

షుగరు వ్యాధికి మందులు వాడుతున్నవారికి, కారణం లేకుండా షుగరు పదే పదే పడిపోతూ, మందు తగ్గించాల్సి వస్తుంటే "జబ్బు తగ్గిపోతోంది" అని సంబరపడకండి. డాక్టరును కలవండి. కొందరిలో మొదటగా మనసే దెబ్బతింటుంది. మాట్లాడకపోవడం, లేని భయాలు, తికమక. గాలి సోకిందని తిప్పేముందు రక్తపరీక్ష చేయించండి.

ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు మందగించడం, కనురెప్ప వాలిపోవడం జరిగితే గ్రంథిలో రక్తస్రావం అయి ఉండవచ్చు. అది గంటల్లో చూపించవలసిన అత్యవసర పరిస్థితి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

నిర్ధారణ ఎలా?

మొదటి పరీక్ష యంత్రంతో కాదు, మాటతో. మీ చరిత్ర పూర్తిగా చెప్పండి. కాన్పులో రక్తం పోయిందా? పాలు పడ్డాయా? నెలసరి తిరిగి వచ్చిందా? పాము కరిచిందా? తలకు దెబ్బ తగిలిందా? స్టెరాయిడ్లు వాడారా? పదేళ్ల కిందటి సంగతి అయినా సరే చెప్పండి.

తర్వాత రక్తపరీక్షలు. ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ చూస్తారు. తెల్లవారుజామున అది సహజంగా ఎక్కువ ఉంటుంది కాబట్టి ఆ వేళనే రక్తం ఇవ్వాలి. అప్పుడు కూడా 3 మైక్రోగ్రాములకన్నా తక్కువ ఉంటే లోపం దాదాపు ఖాయం. 15 దాటి ఉంటే లోపం ఉండే అవకాశం తక్కువ. మధ్యలో ఉంటే ఇంజక్షన్ ఇచ్చి గ్రంథి ఎలా స్పందిస్తుందో చూసే పరీక్ష చేస్తారు.

థైరాయిడ్ విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. చాలామంది టీఎస్‌హెచ్ ఒక్కటే చేయించి, "నార్మల్ వచ్చింది, థైరాయిడ్ లేదు" అనుకుంటారు. టీఎస్‌హెచ్ అంటే హెడ్ లాకుల దగ్గర వదిలే నీరు. థైరాయిడ్ గ్రంథి చెడితే పైనుంచి ఎక్కువ నీరు వదులుతారు, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. కానీ హెడ్ లాకులే చెడిపోతే పెంచేదెవరు? అందుకే పీయూష గ్రంథి జబ్బులో టీఎస్‌హెచ్ మామూలుగానో, తక్కువగానో కనిపిస్తుంది. కింద చేను మాత్రం ఎండిపోతూ ఉంటుంది. ఫ్రీ టీ4 కూడా కలిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

వీటితో పాటు సోడియం, షుగరు, హిమోగ్లోబిన్, ప్రొలాక్టిన్, సంతాన హార్మోన్లు చూస్తారు. ముట్లు ఆగే వయసు దాటిన స్త్రీలలో ఎఫ్‌ఎస్‌హెచ్ సహజంగా బాగా పెరగాలి. ఆ వయసులో అది తక్కువగా ఉంటే పీయూష గ్రంథిని అనుమానించాలి. చివరగా ఎంఆర్ఐ తీస్తారు. కణితి ఉంటే కనిపిస్తుంది. షీహన్ సిండ్రోమ్‌లో కొన్నేళ్ల తర్వాత గ్రంథి కూర్చునే గుంట దాదాపు ఖాళీగా కనిపిస్తుంది.

ముందుగా మీ దగ్గరలోని జనరల్ ఫిజీషియన్‌ను కలవండి. అవసరమైతే హార్మోన్ల నిపుణుల దగ్గరకు పంపుతారు. విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏవి వర్తిస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్రను అడగండి.

చికిత్స ఉంది, కానీ వరుస ముఖ్యం

శరీరం తయారుచేయలేని హార్మోన్‌ను మాత్ర రూపంలో ఇవ్వడమే చికిత్స. ముందు కార్టిసాల్ లోపాన్ని సరిచేయాలి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర. కార్టిసాల్ ఇవ్వకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే, ఉన్న కొద్దిపాటి కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయి మనిషి కుప్పకూలిపోవచ్చు. అందుకే సొంతంగా మందుల షాపులో కొనుక్కుని వాడకండి.

"స్టెరాయిడ్ మాత్రలా? అవి చెడ్డవి కదా" అని చాలామంది మానేస్తారు. అవసరం లేనివాడు ఎక్కువ మోతాదులో వాడితే చెడ్డవే. ఇక్కడ మీకు ఇచ్చేది మీ ఒళ్లు రోజూ తయారుచేసుకోవలసిన కొద్ది మోతాదు మాత్రమే. ఇది చాలామందికి జీవితాంతం అవసరం.

ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, ఒక్కపూట కూడా మాత్ర మానకండి. లెంటు కాలమైనా, రంజాన్ అయినా, ఏకాదశి అయినా ఉపవాసానికి ముందు డాక్టరును అడగండి. రెండు, జ్వరం వస్తే స్టెరాయిడ్ మోతాదు రెండు మూడు రెట్లు పెంచాలి. ఎంత, ఎన్ని రోజులు అన్నది ముందుగానే కాగితం మీద రాయించుకోండి. మూడు, వాంతులయి మాత్ర నిలవకపోతే ఇంజక్షన్ కోసం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, తెల్లారేదాకా ఆగకండి. నాలుగు, మీ జబ్బు పేరు, మందుల పేర్లు రాసిన కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. పన్ను పీకించుకునే ముందు కూడా చూపించండి.

రాకుండా చూసుకోగలమా?

చాలావరకు చూసుకోగలం. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. గర్భిణి రక్తహీనతను నెలలు నిండకముందే సరిచేయాలి. లంకల్లో ఉండేవారు, గోదావరికి వరద వచ్చే రోజుల్లో కాన్పు ఉన్నవారు, నొప్పులు వచ్చేదాకా ఆగకుండా ముందే ఏరు దాటి రావాలి. కోతల్లో చేతులతో గడ్డి కలపకుండా కర్రతో కదపండి, కాళ్లకు బూట్లు వేసుకోండి, రాత్రి టార్చి లేకుండా గట్టు మీద నడవకండి. పాము కరిస్తే కట్టు బిగించకండి, కోయకండి, మంత్రానికి తీసుకెళ్లకండి. కరిచిన కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చండి. అక్కడ గాజు గొట్టంలో రక్తం 20 నిమిషాల్లో గడ్డకడుతుందో లేదో చూసి విరుగుడు మందు ఇస్తారు.

చివరిగా ఒక మాట. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో కాన్పు తర్వాత పాలు పడక, నెలసరి రాక, ఎప్పుడూ మూలన కూర్చునే తల్లి ఎవరైనా ఉన్నారేమో ఆలోచించండి. పాము కాటు నుంచి బతికి, అప్పటి నుంచి పనికి వెళ్లలేని రైతు ఉన్నాడేమో చూడండి. వాళ్లను బద్ధకస్తులని అనకండి. ఈ పుస్తకం వాళ్ల చేతికివ్వండి, లేదా మీరే చదివి వినిపించండి. చేయి పట్టుకుని ఒకసారి ఆసుపత్రికి తీసుకురండి. సరైన మాత్రలు మొదలుపెడితే, ఏళ్ల తరబడి మూలన కూర్చున్న మనిషి కొద్ది వారాల్లోనే లేచి తన పనులు తాను చేసుకోగలదు.